అమెరికా దేశపు ఆర్థిక మాంద్యమును, ప్రభుత్వ సహాయమును



కఱవనగా నేమియో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. వానలు కురియవు, చెఱువు లెండును, చేలు బీడువడును, గింజ దొరకదు, జనులు ఊళ్లు విడిచి పోవుదురు. 1833వ సంవత్సరమున గుంటూరు సీమను పాడుచేసిన నందన కఱవును గూర్చి మన పెద్దలు తమ పెద్దలవలన విని చెప్పెడివారు. అట్టి కఱవునకు కారణము కంటికి కనబడును. ఆకాశమువంక చూచి నిట్టూర్చుటయే గాని మఱియొకని దూఱుటకు వీలుండదు. నేడు నేను చెప్పబోవు ఆపద అట్టిది కాదు. అందు పంట పోలేదు. పండిన పంటయే రైతునకు శాపమైనది. గాదెలలో గోధుమలు నిండియుండెను. పట్టణపు వీథులలో రొట్టెముక్కకై జనులు బారులు తీర్చి నిలుచుండిరి. ఇది 1929 మొదలు ఇంచుమించు పదియేండ్లకు పైగా అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరిగిన సంగతి. దీనినే ఆర్థిక మాంద్యమందురు.

మాంద్యమను మాట మన వైద్యులు వాడునదే. అగ్నిమాంద్యమున ఎదుట అన్నముండును గాని ఆకలి పుట్టదు. ఈ మాంద్యము దానికి తలక్రిందు. ఆకలి యున్నది, అన్నమున్నది. రెంటిని కలుపవలసిన రూపాయ మాత్రము కదలదు.

రూపాయ కదలకపోయిన ఏమగునో తెలుపుటకు అమెరికా దాక పోనక్కఱలేదు. మా యింట పాత భోషాణ మొకటి కలదు. అందు మా తాతగారు 1929లో వ్రాసి యిచ్చిన ప్రామిసరీ నోటు నాకు దొరకినది. అసలు మూడువందల రూపాయలు. వడ్డీ నెలకు నూటికి రూపాయ. అనగా ఏటికి ముప్పదియాఱు రూపాయలు కట్టవలెను. ఆ పిమ్మట నాలుగైదేండ్లలో మన సీమలో ధాన్యము ధర ఇంచుమించు సగమునకు పడిపోయెను. నోటు వ్రాసిననాడు ఆ వడ్డీకై ఎన్ని బస్తాలు అమ్మవలసియుండెనో, తరువాత దానికి రెండింతలు అమ్మవలసివచ్చెను. కాగితముమీది అంకె మాఱలేదు. దాని బరువు మాత్రము రెట్టింపైనది. మా తాతగారు జూదమాడలేదు, పెండ్లిండ్లకు దుబారా చేయలేదు, అయినను మునిగిరి. ఈ లెక్క తెలిసినవారికి అమెరికా కథలో సగము తెలిసినట్లే. ఏలయన అక్కడ పుట్టి లోకమెల్ల వ్యాపించిన ధరల పతనమే మన కళ్లములకును వచ్చినది.

అమెరికా రైతునకు కష్టకాలము పట్టణములకంటె ముందే మొదలైనది. 1914లో మొదలైన ఐరోపా మహాయుద్ధ కాలమున అతని గోధుమలకు మంచి గిరాకి యుండెను. ఆ ధరలు నిలుచునని నమ్మి, అప్పుచేసి భూములు కొనెను, ట్రాక్టర్లు కొనెను. యుద్ధము ముగిసి ఐరోపా రైతులు మఱల నాగలి పట్టగా 1920 తరువాత ధరలు జాఱినవి. అప్పు మాత్రము జాఱలేదు. అదే కాలమున పట్టణములలో వేఱొక వెఱ్ఱి పుట్టెను. చేత పది డాలర్లున్నవాడు తొంబది అప్పు తెచ్చి నూఱు డాలర్ల కంపెనీ వాటాలు కొనుచుండెను. వాటా ధర పెరిగినంతకాలము అందఱు బుద్ధిమంతులే. 1929 అక్టోబరు 24వ తేది గురువారమునను, మఱల 29వ తేది మంగళవారమునను న్యూయార్కు వాటాల బజారు కూలినది. అప్పిచ్చినవారు అప్పడిగిరి, తీర్చుటకు వాటాలమ్మిరి, అమ్మినకొలది ధర యింకను పడెను.

వాటాలు లేని బీదవానికి దీనితో నేమి పనియని మీ రడుగవచ్చును. బ్యాంకులలో దాచినది అతని సొమ్మే. బ్యాంకు మునుగునని పుకారు పుట్టిన చాలును, జనులు తలుపువద్ద గుమికూడి తమ సొమ్ము తమకిమ్మందురు. ఏ బ్యాంకును సొమ్మంతయు ఇనుపపెట్టెలో నుంచుకొనదు గదా! మంచి బ్యాంకు కూడ అట్లు మునుగును. 1930 మొదలు 1933 వఱకు సుమారు 9,000 బ్యాంకులు మూతపడినవి. ముసలివారు జీవితకాలమెల్ల కూడబెట్టినది ఒక్క ఉదయమున పోయినది. బ్యాంకు లేనిచోట కార్ఖానాకు పెట్టుబడి లేదు. కార్ఖానా మూసిన కూలికి జీతము లేదు. జీతము లేనివాడు అంగడికి పోడు. అంగడివాడు కార్ఖానాకు సరకు వ్రాయడు. చక్రమిట్లు తిరిగి 1933 నాటికి పనివారిలో నలుగురికొకడు, అనగా సుమారు 1 కోటి 28 లక్షల మంది, పనిలేక యుండిరి.

పల్లెలమాట వినుడు. బుషెలనగా సుమారు 27 కిలోల గోధుమలు. 1929లో దాని ధర డాలరునకు కొంచె మెక్కువ. 1932లో 38 సెంట్లు. డాలరునకు నూఱు సెంట్లు. పౌను ప్రత్తి ధర పదునాఱు సెంట్లకు పైనుండి ఆఱున్నరకు దిగెను. పంటను రైలుకెక్కించిన కూలి ఖర్చులు కూడ రావని, కొన్నిచోట్ల మొక్కజొన్నలను పొయ్యిలో పెట్టి చలి కాచుకొనిరి. ఆ చలిమంటకు కొన్ని వందల మైళ్ల దూరమున పిల్లలు పస్తులుండిరి.

అప్పులకై పొలములను, పశువులను వేలము వేయు దినములు వచ్చెను. అయోవా మొదలగు రాష్ట్రములలో రైతులు అప్పుడు చేసినపని మీరు వినదగినది. వేలమునాడు చుట్టుపట్ల రైతులందఱు ఆ యింటి ముంగిట చేరెడివారు. ఆవును పాటకు పెట్టగా ఒకడు పది సెంట్లనును, ఇంకొకడు నోరెత్తడు. నాగలి అయిదు సెంట్లు, గుఱ్ఱము పాతిక సెంట్లు. పొరుగూరివాడెవడైన ఎక్కువ పాడబోయిన, ప్రక్కనున్నవాడు భుజముమీద చేయివేయును. పశువులపాకకు వ్రేలాడుచున్న ఉరిత్రాటిని కంటితో చూపును. పాట ముగిసినపిమ్మట కొన్నవారు ఆ సామానంతయు యజమానునికే తిరిగి యిచ్చి ఇండ్లకు పోవుదురు. వీనిని సెంటు వేలములనిరి. ఇది ధర్మమా యని నన్నడిగిన నేను వెంటనే ఔననజాలను. ఋణము తీర్చుట ధర్మమని చదువుకొన్నవాడను. 1933 ఏప్రిలులో అయోవాలోని లెమార్సు పట్టణమున రైతులు ఒక న్యాయాధిపతిని న్యాయపీఠమునుండి లాగికొనిపోయి మెడకు త్రాడు తగిలించిరి. ప్రాణము తీయక విడిచిరిగాని అది సిగ్గుచేటైన పనియే. అయినను శాసనము కదలినది ఇట్టి కలతల నడుమనే. అయోవా, మిన్నెసోటా రాష్ట్రములు 1933లో తాకట్టు వేలములను కొంతకాలము నిలుపుచు చట్టములు చేసినవి.

ప్రభుత్వ మేమి చేసెను? 1929 మార్చి మొదలు 1933 మార్చి వఱకు దేశాధ్యక్షుడు హెర్బర్టు హూవరు. అతడు కఠినహృదయుడని జనులు తిట్టిరి. పనిలేనివారు రేకులతోను అట్టలతోను కట్టుకొన్న గుడిసెల పేటలకు అతని పేరే పెట్టిరి. నా యభిప్రాయమున అది న్యాయము కాదు. మొదటి మహాయుద్ధమున బెల్జియము దేశమున ఆకలిగొన్న లక్షలాది జనులకు అన్నము చేర్చినవా డాతడే. లోపము హృదయమున కాదు, సిద్ధాంతమున నుండెను. బీదలను పోషించుట ఇరుగుపొరుగువారి పని, ధర్మసంస్థల పని, మించిన రాష్ట్రముల పని. కేంద్ర ప్రభుత్వము చేయి చాచి యిచ్చిన జనుల పౌరుషము చచ్చునని అతడు నమ్మెను. ఇరుగుపొరుగువారందఱు ఒక్కసారే బీదలైన నెట్లు? దాని కాతనివద్ద సమాధానము లేకపోయెను.

ఈ సిద్ధాంతము ఎంతవఱకు పోయెనో ఒక్క ఉదాహరణము. 1930లో అనావృష్టి వచ్చినప్పుడు, రైతులకు విత్తనములకును ఎరువులకును పశువుల మేతకును అప్పులిచ్చుటకు 4 కోట్ల 50 లక్షల డాలర్లు మంజూరైనవి. మనుష్యుల తిండికి అప్పు మొదట ఇయ్యలేదు. కంచరగాడిదకు మేత కొనవచ్చును, దానిని తోలువానికి రొట్టె కొనరాదు! 1931 జనవరిలో అర్కాన్సాసు రాష్ట్రమున ఇంగ్లండను పేరుగల చిన్న పట్టణమునకు కొన్నివందల రైతులు గుంపుగా వచ్చి, తిండి యిచ్చినగాని కదలమని నిలిచిరి. ఆ దినమున వర్తకులు వారికి ఆహారము పంచిరి. 1932 మొదట హూవరు ప్రభుత్వము బ్యాంకులకును రైలు కంపెనీలకును అప్పులిచ్చుటకు పెద్ద సంస్థ నొకదానిని స్థాపించెను. పైన పోసిన నీరు క్రిందికి దిగునని తలంపు. నీరు పైననే యింకిపోయెను.

1933 మార్చి 4వ తేదిని ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు అధ్యక్షుడయ్యెను. మొదటి పని, దేశములోని బ్యాంకులన్నిటిని కొన్నిదినములు మూయించుట. లెక్కలు చూచి నిలువదగిన బ్యాంకులనే తెఱవనిత్తుమని శాసనము చేసి, మార్చి 12వ తేది ఆదివారము రాత్రి అతడు రేడియోముందు కూర్చుండి దేశమునకు చెప్పెను. రేడియోలో మాటలాడువాడనగుటచే నాకీ ఘట్టము ప్రత్యేకముగ ఇష్టము. అతడు గంభీరోపన్యాస మీయలేదు. బ్యాంకనగా నేమి, మీ సొమ్ముతో అది యేమి చేయును, ఎందులకు మూసితిమి, రేపు ఏవి తెఱచును అని, చావడిలో కూర్చుండి చెప్పినట్లు చెప్పెను. మఱునాడు బ్యాంకులు తెఱచినప్పుడు తీసికొనువారికంటె తెచ్చి దాచువా రెక్కువైరి. మాటలతోనే సరిపెట్టలేదు. ఆ యేటనే డిపాజిట్లకు ప్రభుత్వ భీమా యేర్పఱచిరి. 1934 జనవరిలో అది మొదలైనప్పుడు 2,500 డాలర్ల వఱకు బ్యాంకు మునిగినను సొమ్ము మునుగకుండెను.

ఆకలి సంగతి చూచుటకు హ్యారీ హాప్కిన్సను వానిని నియమించిరి. రాష్ట్రముల ద్వారా పంచుటకు 50 కోట్ల డాలర్లు అతనిచేత పెట్టిరి. అతడు 1933 మే నెలలో పనిలో చేరిన మొదటి రెండు గంటలలోనే 50 లక్షల డాలర్లకు పైగా పంపించెనట. కాలక్రమమున అంతయు చక్కబడునని యెవరో యన్నచో, జనులు కాలక్రమమున తినరు, దినదినము తినుదురని అతని భావము.

అయితే ఇచ్చుట యెట్లు? ఊరక యిచ్చుట యొక పద్ధతి. అందుకు విచారణ కావలెను. ప్రభుత్వపు మనిషి యింటికి వచ్చి, పొయ్యి చూచి, పెట్టెలు చూచి, నీకు బంధువు లెవరు, వారేమి యిత్తురని అడుగును. నిన్నటివఱకు మానముగ బ్రదికినవానికి ఆ ప్రశ్నలు ఆకలికంటె దుర్భరము. అందుచే పని కల్పించి కూలి యిచ్చుట మేలని హాప్కిన్సు పట్టుపట్టెను. ఇది క్రొత్త బుద్ధి కాదు. దుర్భిక్షకాలమున రాజు ప్రజలకు విత్తనములను భోజనమును ఇచ్చి ఆదరింపవలెననియు, లేదా కోటలు, చెఱువుకట్టలు మొదలగు పనులు పెట్టి అన్నమీయవలెననియు మన కౌటిల్యుడు అర్థశాస్త్రమున చెప్పియే యున్నాడు. 1933-34 చలికాలమున నలువది లక్షలకు పైగా జనులకు అట్లు పని దొరకెను. 18 మొదలు 25 ఏండ్ల వయసుగల పెండ్లికాని యువకులను అడవులకు పంపి చెట్లు నాటించిరి. నెలకు 30 డాలర్ల జీతములో 25 డాలర్లు తిన్నగా తల్లిదండ్రులకు పంపెడివారు. 1942 వఱకు సుమారు ముప్పదిలక్షల యువకులు ఇందు పనిచేసి, మూడువందల కోట్ల చెట్లు నాటిరందురు. 1935లో పుట్టిన పెద్ద పనుల శాఖ ఎనిమిదేండ్లలో సుమారు 85 లక్షల మందికి పని చూపెను. రోడ్లు, వంతెనలు, బడులు, ఆసుపత్రులు కట్టించెను. వ్రాతగాండ్రకు సయితము వ్రాతపనియే యిచ్చిరి. వారు పల్లెపల్లెకు పోయి, ఒకనాడు బానిసలుగానుండి ముసలివారైన రెండువేలకు పైగా నీగ్రోల జీవితకథలు వారి నోటనే విని వ్రాసికొనిరి. ఆ మాంద్యము రాకున్న ఆ కథలు వారితోడనే పోయియుండును.

టెన్నెసీ నదికి ఆనకట్టలు కట్టి లోయనెల్ల బాగుచేయుటకు 1933లోనే ఒక సంస్థను పెట్టిరి. మన దేశమున 1948లో స్థాపింపబడిన దామోదరు లోయ సంస్థకు అదియే మాదిరి.

ఇక రైతుకు చేసిన సహాయము. దీనిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. ధరలు పడుటకు పంట ఎక్కువగుటయే కారణమని యెంచి, పొలములో కొంత బీడుపెట్టిన రైతునకు ప్రభుత్వము డబ్బిచ్చునట్లు 1933 మే నెలలో శాసనము చేసిరి. డబ్బు మిల్లులవారిపై పన్ను వేసి తెచ్చిరి. అప్పటికే ప్రత్తి మొలచి పెరిగినది. కనుక సుమారు కోటి యెకరముల ప్రత్తిని దున్నివేయించిరి. అఱువది లక్షల పందిపిల్లలను చంపించిరి. చాళ్లనడుమ మాత్రమే నడచుటకు అలవాటుపడిన కంచరగాడిదలు మొక్కలను త్రొక్కుటకు మొరాయించినవని అక్కడివారు కథగా చెప్పుకొందురు. కథ నిజమైనను కాకున్నను, పైరును దున్నివేయుమన్నప్పుడు ఏ కాపు చేయి వణకదు? జనులు రోసిరి. ఆ యేటి అక్టోబరులోనే, మిగులు ధాన్యమును మాంసమును కొని బీదలకు పంచు సంస్థను ప్రభుత్వము పెట్టవలసివచ్చెను. ధరలు మాత్రము పెరిగినవి. ప్రత్తి 1934లో పౌను పండ్రెండు సెంట్లకు వచ్చెను.

కాని ఆ డబ్బు ఎవరిచేతికి పోయినది? దక్షిణ రాష్ట్రములలో ప్రత్తి పండించువాడు భూమి గలవాడు కాడు. తెల్లవాడో నీగ్రోవో, పాలికాపు. విత్తనము, తిండి, బట్ట అన్నియు కామందు దుకాణమున అప్పు. పంట చివర లెక్క చూచిన మిగులునది సున్న. ప్రభుత్వము ఒప్పందము చేసికొన్నది కామందుతో. పాలికాపు వంతు పాలికాపునకు ఇమ్మని కాగితమున నున్నది. ఇచ్చుటకు కామందే సాక్షి, కామందే పంపిణీదారు. ఊరి కమిటీలోను అతడే. కొందఱిచ్చిరి, పలువురు పాత అప్పుక్రింద జమకట్టుకొనిరి. అంతకంటె ఘోరమేమనగా, పొలమున మూడవవంతు బీడుపెట్టినపుడు మూడవవంతు పాలికాపులతో పనిలేదు. సంసారములతో సహా వారిని వెడలగొట్టిరి. సహాయము చేయబోయిన శాసనమే వారి గుడిసెలు పీకించెను.

1934 జూలై నెలలో అర్కాన్సాసులోని టైరొంజా యను ఊర పదునెనమండుగురు కూడిరి. తెల్లవారు పదునొకండుగురు, నీగ్రోలు ఏడుగురు. పాలికాపుల సంఘమును స్థాపించిరి. ఆ సీమలో ఆ రెండు జాతులవారు ఒక్క గదిలో సమానముగ కూర్చుండుటయే సాహసము. వారిని కొట్టిరి, చెఱపెట్టిరి. వారిని కాపాడుటకు ఒప్పందములకు గట్టి యర్థము చెప్పబోయిన న్యాయవాదులను వ్యవసాయశాఖ 1935 ఫిబ్రవరిలో కొలువునుండి తొలగించెను. దక్షిణపు భూస్వాముల ప్రతినిధుల సమ్మతి లేనిదే శాసనసభలో ఏ బిల్లును సాగదు. రూజ్వెల్టు ఆ లెక్క యెఱిగి మిన్నకుండెను. ముసలివారికి పింఛనును, పనిపోయినవారికి భృతిని ఏర్పఱచిన 1935 ఆగస్టు శాసనము మిక్కిలి గొప్పది. అందును పొలముకూలీలను, ఇంటి పనివారిని విడిచిపెట్టిరి. నీగ్రోలలో అధికభాగము ఆ రెండు పనులవారే. 1950లోను, 1954లోను సవరణలు జరిగినగాని వారికి ఆ పింఛను అందలేదు.

మాంద్యము పూర్తిగ తీఱినదా యనిన, ఈ పనులవలన తీఱలేదనియే చెప్పవలెను. కొంత కోలుకొనెను. 1937లో ఇక చాలునని వ్యయము తగ్గింపగా మఱల లక్షలమంది పనులు పోయినవి. రెండవ మహాయుద్ధమునకు ఆయుధములు చేయవలసివచ్చినపిమ్మటనే పనిలేనివాడు లేకుండ పోయెను. ఆనకట్టలకును బడులకును వెచ్చింప వెఱచిన సొమ్మును ఫిరంగులకు వెఱవక వెచ్చించిరి.

ఇక మా తాతగారి నోటు సంగతి ముగించెదను. రాజగోపాలాచారిగారి ప్రభుత్వము 1938లో మదరాసు రాజధానిలో వ్యవసాయదారుల ఋణవిమోచన శాసనము చేసినది. 1932 అక్టోబరు 1వ తేదికి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1వ తేదినాటికి నిలిచియున్న వడ్డీ రద్దు. అసలునకు రెండింతలు ముట్టినచో అప్పే రద్దు. వడ్డీ అసలును మించరాదని మనువు చెప్పిన ధర్మమునకు ఇది చుట్టమే. మా తాతగారి నోటువెనుక మూడు చోట్ల చెల్లు వ్రాసియున్నది. నాలుగవది, శాసనము ప్రకారము వడ్డీ తీసివేసి అసలు మాత్రము ముట్టినదని. పొలము నిలిచినది. ఆ పొలము నిలుచుటచేతనే మా తండ్రి చదివెను, నేను చదివితిని.

ఆ భోషాణములోనే మా తాతగారి జమాఖర్చు పుస్తకమును కలదు. అందొక పుట మా పాలేరుది. కొడుకు పెండ్లికి నలువది రూపాయలు, తరువాత గింజలకు పదునెనిమిది, వడ్డీ, వడ్డీమీద వడ్డీ. ఆ శాసనమున వ్యవసాయదారుడనగా భూమిపై హక్కుగలవాడని యర్థము చెప్పబడినది. పాలేరునకు సెంటు భూమి లేదు. 1938, 1939, 1940 సంవత్సరముల పద్దులు మా తాతగారి దస్తూరితోనే వరుసగా నున్నవి. ఆ పుటలో చెల్లు ఎక్కడను లేదు.